విండోస్ 11 లాప్‌టాప్‌లో పాత డూమ్, క్వేక్, డ్యూక్ ఆడాలంటే ఏ ఇంజిన్ వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. చిత్తూరులో ఇల్లు మారుతుంటే అటక మీద 1990ల నాటి తుపాకీ ఆటలు డూమ్ 2, డ్యూక్ న్యూకెమ్ 3డి సిడిలు దొరికాయి. అదే కాలపు క్వేక్ ఈమధ్యే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో కొన్నారు. లాప్‌టాప్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, విండోస్ 11. సిడిలో సెటప్ నొక్కితే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అంటోంది. ఎవరో చెబితే పాత కాలపు ప్రోగ్రాములను నడిపించే డాస్‌బాక్స్ పెట్టుకున్నారు. ఆట మొదలైంది కానీ మౌస్ ముందుకు తోస్తే మనిషే ముందుకు పరుగెడుతున్నాడు, అరగంటకే తల తిరుగుతోంది. కొత్త లాప్‌టాప్ కొనాలా, బెంగళూరులో ఉన్న మీ అన్నతో కలిసి ఆడే దారి ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఏమీ కొనొద్దు. మీ లాప్‌టాప్ చాలు, చాలా ఎక్కువ కూడా. డూమ్ 2కి క్రిస్పీ డూమ్, క్వేక్‌కి ఐరన్‌వెయిల్, డ్యూక్‌కి ఈడ్యూక్32 అనే ఇంజిన్లు, అంటే ఆటను నడిపించే ప్రోగ్రాములు, పెట్టుకోండి. మూడూ ఉచితం. మూడూ మొదటిరోజు ఉన్నవి ఉన్నట్టుగానే ఆడండి, హంగులు ఏవీ పెట్టకండి. వారం తర్వాత కావాలనిపిస్తే ఒక్కొక్కటే కలుపుకోండి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ఒక మంచి వైర్ మౌస్ కొనుక్కోండి. టచ్‌ప్యాడ్ మీద ఈ ఆటలు ఆడటం సాధ్యం కాదు.

నేను తిరుపతిలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ రిపేరు అంగడి నడుపుతున్నాను. అంతకు ముందు, 1990ల చివర్లో, బాలాజీ కాలనీ దగ్గర ఒక మిద్దె మీద గంటల లెక్కన కంప్యూటర్లు ఇచ్చే చోట పనిచేశాను. నాలుగు పెంటియం మెషీన్లు, నాలుగింటి మధ్య ఒక కోయాక్సియల్ కేబుల్. సాయంత్రం అయితే యూనివర్సిటీ పిల్లలు డూమ్ కోసం మెట్ల మీద వరస కట్టేవాళ్లు. ఇప్పుడు వాళ్లలోనే కొందరు, నలభై దాటినవాళ్లు, మీలాగే పాత సిడి పట్టుకుని అంగడికి వస్తుంటారు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా నా చేతుల మీదుగా జరిగిందే.

సెటప్ ఎందుకు నడవలేదు? మీ సిడి పాడైపోలేదు. డూమ్, డ్యూక్ రెండూ డాస్ ఆటలు, అంటే విండోస్‌కు ముందునాటి సిస్టమ్ కోసం రాసినవి. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. 32 బిట్ విండోస్‌లో అది ఉండేది, విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. అందుకని ఆ సెటప్‌ను ఎన్నిసార్లు నొక్కినా, కంపాటిబిలిటీ మోడ్ ఎంత మార్చినా లాభం లేదు. దాని మీద ఇక టైమ్ పెట్టకండి.

అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే. ఈ ఆటల్లో రెండు ముక్కలుంటాయి. గోడల బొమ్మలు, రాక్షసులు, శబ్దాలు, మ్యాపులు అన్నీ ఒక ఫైల్‌లో ఉంటాయి. డూమ్‌లో దాన్ని వాడ్ అంటారు, క్వేక్‌లో పాక్, డ్యూక్‌లో జీఆర్‌పీ. ఆ ఫైల్‌ను చదివి తెర మీద ఆట ఆడించే ప్రోగ్రాము ఇంజిన్. మీ సిడిలోని ఇంజిన్‌కు కాలం చెల్లింది, వాడ్ ఫైల్‌కు కాదు. పాత ఇంజిన్ తీసి అవతల పెట్టి, ఇప్పటి విండోస్ కోసం రాసిన ఇంజిన్‌కు అదే వాడ్ అందిస్తే 1994లో వచ్చిన ఆటే 2020ల్లో రాసిన ప్రోగ్రాము మీద నడుస్తుంది. అలాంటి ఇంజిన్లనే సోర్స్ పోర్ట్ అంటారు.

ఇది ఎలా వీలైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మేలు ఆటల లోకంలో చాలా అరుదు. డూమ్ 1993 డిసెంబరు 10న వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1997 డిసెంబరు 23న, దాన్ని తయారుచేసిన ఐడి సాఫ్ట్‌వేర్ తరఫున ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రాము అసలు రాతను, అందరికీ ఇచ్చేశాడు. డాస్‌లో శబ్దం కోసం వాడిన లైబ్రరీ వేరేవాళ్లది కావడంతో డాస్ కోడ్ ఇవ్వడం కుదరక లినక్స్ వెర్షన్ కోడ్ ఇచ్చారు. 1999లో దాన్నే జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చారు. అంటే ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అయితే మార్చినదాన్ని పంచేటప్పుడు దాని కోడ్ కూడా ఇవ్వాలి. అదే ఏడాది డిసెంబరులో క్వేక్ కోడ్ వచ్చింది. డ్యూక్ న్యూకెమ్ 3డి కోడ్ 2003 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఎవరూ జీతం ఇవ్వకుండానే, ఎక్కడెక్కడివాళ్లో రాత్రిళ్లు కూర్చుని ఆ కోడ్‌ను బతికిస్తున్నారు. మీరు ఉచితంగా దించుకునే క్రిస్పీ డూమ్ వెనక ఉన్నది ఆ కష్టమే.

ఇక సిడిలోంచి ఫైల్ బయటికి తీయడం. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి, దీనికోసం కొనక్కర్లేదు. సిడిని మెత్తటి పొడి గుడ్డతో నడిమి నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా రాసి ఉన్న దారి వెంటే పడుతుంది, డ్రైవ్ దాన్ని సరిచేసుకోలేదు. అడ్డంగా పడిన గీతను చాలావరకు దాటేస్తుంది. డ్యూక్ సిడిల్లో చాలావాటిలో జీఆర్‌పీ ఫైల్ ఒక ఫోల్డర్‌లో విప్పిన రూపంలోనే ఉంటుంది, కాపీ చేసుకుంటే చాలు. డూమ్ 2 సిడిలో వాడ్ అలా కనిపించకపోతే మీరు ఇప్పటికే పెట్టుకున్న డాస్‌బాక్స్‌లోంచే సెటప్ నడపండి. దాని పని అంతవరకే. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫోల్డర్‌లోంచి డూమ్2 డాట్ వాడ్ తీసుకోండి.

తీశాక ఫైల్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. డూమ్ 2 చివరి వెర్షన్, అంటే 1.9, అయితే సరిగ్గా 1,46,04,584 బైట్లు ఉండాలి. పోయినేడు ఒకాయన తెచ్చిన సిడిలో కాపీ పూర్తయినట్టే చూపించింది, ఆట కూడా మొదలైంది, కానీ పద్నాలుగో లెవెల్‌కు వెళ్లగానే మూసుకుపోయేది. ఇంజిన్ తప్పనుకుని మూడు ఇంజిన్లు మార్చి చూశాను. చివరికి సైజు చూస్తే తక్కువ ఉంది. సిడి మళ్లీ తుడిచి, వేరే డ్రైవ్‌లో పెట్టి కాపీ చేస్తే సరిపోయింది. అంతకన్నా పాత వెర్షన్ సిడి అయితే సైజు వేరేగా ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోండి.

సిడి అసలు చదవకపోతే? స్టీమ్‌లో డూమ్, డూమ్ 2 కలిపి ఒకే ప్యాక్‌గా అమ్ముతున్నారు, దాని గురించి కింద చెబుతాను. కొనే ముందు చూసుకోవాలంటే మొదటి డూమ్ షేర్‌వేర్, అంటే రుచి చూపించే ఉచిత భాగం, ఉంది. అందులో మొదటి ఎపిసోడ్ తొమ్మిది లెవెళ్లూ పూర్తిగా ఉచితం, ఫైల్ 4 ఎంబీ చిల్లర. ఫ్రీడూమ్ అని ఇంకొకటి ఉంది. బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు అన్నీ కొత్తగా గీసి, రాసి ఉచితంగా ఇచ్చిన వాడ్ అది.

క్రిస్పీ డూమ్ ఎందుకు? డూమ్ ఇంజిన్లను ఒక వరసలో పెట్టి చూడండి. ఈ చివర చాకొలెట్ డూమ్. 1990ల్లో డాస్‌లో ఎలా ఉండేదో అలాగే, 320 బై 200 చుక్కలతో, సెకనుకు 35 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో), అప్పటి తప్పులతో సహా. ఆ చివర జీజెడ్‌డూమ్. దూకవచ్చు, పైకీ కిందకూ చూడవచ్చు, రంగుల దీపాలు, పెద్ద పెద్ద మాడ్లు (ఆటను మార్చి అభిమానులు చేసినవి), అన్నీ ఉంటాయి. నడుమ క్రిస్పీ డూమ్, వూఫ్, డీఎస్‌డీఏ డూమ్. క్రిస్పీ డూమ్ చాకొలెట్ మీదే కట్టారు. ఆట తీరు ఇంచు కూడా మారదు. తెర మాత్రం స్పష్టంగా, వెడల్పుగా, కదలిక నున్నగా ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు నా లెక్కలో ఇంతకన్నా మంచిది లేదు.

పెట్టుకోవడం అయిదు నిమిషాల పని. జిప్ దించి ఒక ఫోల్డర్‌లో విప్పండి. డూమ్2 డాట్ వాడ్‌ను అదే ఫోల్డర్‌లో వేయండి. ముందు దానితో వచ్చే సెటప్ తెరిచి కీలు మార్చుకోండి. అప్పట్లో బాణం గుర్తులతో నడిచి, కంట్రోల్‌తో కాల్చి, స్పేస్‌తో తలుపు తీసేవాళ్లం. ఇప్పుడు ఎడమ చేతికి డబ్ల్యూ, ఏ, ఎస్, డి, కుడి చేతికి మౌస్ పెట్టుకోండి. మీరు చెప్పిన మౌస్ ఇబ్బంది తీరేదీ ఇక్కడే. డూమ్ మొదటి నుంచీ మౌస్ ముందుకు తోస్తే మనిషిని నడిపించేది. పైకి చూడటం అన్నదే ఆ ఆటలో లేదు మరి. ఆ నిలువు కదలికను ఆపే టిక్ సెటప్‌లో మౌస్ పేజీలో ఉంటుంది. ఆపేయండి. క్యాప్స్ లాక్ నొక్కితే ఎప్పుడూ పరుగే. విండోస్ మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ ప్రెసిషన్ పెంచే టిక్ ఒకటుంటుంది, అదీ తీసేయండి. లేకపోతే చెయ్యి కదిపిన వేగాన్ని బట్టి తిరిగే కొలత మారిపోతూ గురి కుదరదు.

ఎత్తులో ఉన్నవాణ్ని ఎలా కొట్టాలి అని అడుగుతారు. గురి ఎడమ కుడి కుదిరితే చాలు, ఎత్తు సంగతి ఆట చూసుకుంటుంది. గూట్లో నిలబడ్డ ఇంప్ అనే రాక్షసుడికి ఎదురుగా నిలబడి కాల్చండి, గుండు దానంతట అదే పైకి వెళ్తుంది.

తెర ఆకారం. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ముఖ్యం. డూమ్ గీసింది 320 బై 200లో. కానీ అప్పటి మానిటర్లు నాలుగుకు మూడు ఆకారం. అంటే ఒక్కో చుక్క వెడల్పు కన్నా అయిదో వంతు ఎక్కువ పొడుగ్గా కనిపించేది. గీసినవాళ్లు అది చూసుకునే గీశారు. ఇప్పటి తెర మీద చుక్కలను చదరంగా చూపిస్తే రాక్షసులు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తారు. ఆస్పెక్ట్ రేషియో సరిచేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్‌లోనే ఉంచండి. కింద వరసలో కనిపించే మన సైనికుడి ముఖం చూడండి. దవడ రవంత పొడుగ్గా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

తల తిరగడం గురించి. మీరు భయపడాల్సింది ఏమీ లేదు, చాలామందికి ఉంటుంది. శ్రీకాళహస్తి నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చేవారు, ఆయనకు పది నిమిషాలకే వాంతి వచ్చేలా ఉండేది. మూడు మార్పులు చేశాం. మొదటిది, ఫ్రేముల పరిమితి తీసేసి కదలిక నున్నగా చేశాం. అసలు డూమ్ సెకనుకు 35 సార్లే తెర మార్చేది, ఇప్పటి వెడల్పు తెర మీద దగ్గరగా కూర్చుంటే అది కళ్లను కుదిపేస్తుంది. రెండోది, నడుస్తుంటే తుపాకీ, చూపు ఊగడాన్ని తగ్గించాం. క్రిస్పీలో మెనూలోని క్రిస్ప్‌నెస్ పేజీల్లో ఇది ఉంటుంది. మూడోది, గదిలో లైటు వేసుకుని తెరకు రెండడుగులు వెనక్కి జరిగి కూర్చోమన్నాను. ఆయన ఇప్పుడు గంట ఆడతారు. క్వేక్‌లో అయితే చూపు వెడల్పు, అంటే ఎఫ్‌ఓవీ, కూడా చూసుకోవాలి. అసలు ఆట 90 డిగ్రీలు నాలుగుకు మూడు తెరకు. వెడల్పు తెరకు కొత్త ఇంజిన్లు తామే సర్దుతాయి, మీరు దాన్ని మరీ 120 దాకా లాగకండి. అంచుల్లో గోడలు సాగిపోయి తల తిరగడం ఎక్కువవుతుంది. అయినా తగ్గకపోతే ఓపిగ్గా పదేసి నిమిషాలతో మొదలుపెట్టండి. ఒళ్లు తేడాగా ఉన్నప్పుడు బలవంతంగా ఆడొద్దు.

సంగీతం. పెట్టినవాళ్లలో సగం మంది మళ్లీ ఫోన్ చేసి ‘పాట వేరేలా ఉందే’ అంటారు. డూమ్ సంగీతం రికార్డు చేసిన పాట కాదు, ఏ వాయిద్యం ఏ స్వరం ఎప్పుడు వాయించాలో రాసిన చీటీ లాంటిది. వాయించేది మీ సౌండ్ కార్డు. ఖరీదైన మిడి పెట్టెలో, అంటే ఇలాంటి చీటీని వాయించే పరికరంలో, ఒకలా, సౌండ్ బ్లాస్టర్ రకం కార్డులో ఒకలా వినిపించేది. తిరుపతిలో, చిత్తూరులో మనం విన్నది దాదాపు అంతా రెండోదే. ఆ గరగరలాడే ఎఫ్ఎం గిటారు. విండోస్ తన సొంత మిడితో వాయిస్తే శుభ్రంగా ఉంటుంది కానీ మన చెవికి ఎక్కదు. సెటప్‌లో సౌండ్ పేజీకి వెళ్లి సంగీతాన్ని ఓపీఎల్‌కు, అంటే ఆ పాత ఎఫ్ఎం చిప్ శబ్దానికి, మార్చండి. మార్చి మొదటి లెవెల్ తెరవండి. అంగడిలో ఇలా మార్చినప్పుడు ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇరవై అయిదేళ్ల కిందటి గది ఒక్కసారిగా గుర్తొచ్చింది అన్నాడు. ఈ పని చేస్తున్నందుకు నాకు దొరికే సంతోషం అదే.

జీజెడ్‌డూమ్ ఎప్పుడు? చెడ్డదని నేను చెప్పడం లేదు. దానికోసం తయారైన మాడ్లు వందల్లో ఉన్నాయి, అవి ఆడాలంటే అదే కావాలి. 2025లో దాన్ని రాసేవాళ్లలో చాలామంది విడిపోయి యూజెడ్‌డూమ్ అనే పేరుతో కొనసాగిస్తున్నారు కాబట్టి కొత్తగా పెట్టుకునేవాళ్లు దాన్నీ చూడండి. నా అభ్యంతరం దాన్ని మొదటిరోజే పెట్టుకుని, బొమ్మలు నున్నగా చేసే ఫిల్టర్ వేసి, దూకడం ఆన్ చేసి ఆడటం మీద. డూమ్ మ్యాపులు దూకలేని మనిషి కోసం కట్టినవి. దూకితే తాళం అక్కర్లేకుండానే కిటికీలోంచి అవతలికి వెళ్లిపోతారు, మ్యాపు గీసినవాడు పడ్డ శ్రమంతా చూడకుండానే లెవెల్ అయిపోతుంది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. మొదటి డూమ్ రెండో లెవెల్‌లో కంప్యూటర్ల మధ్య ఇరుకు సందులు ఉంటాయి, దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. అసలు ఇంజిన్‌లో 256 రంగులే ఉన్న పలకను ముప్పై రెండు మెట్లుగా చీకటి చేస్తూ, దూరం పెరిగేకొద్దీ నల్లగా చూపించేవాళ్లు. ఇంప్ మూలుగు వినిపిస్తుంది, అది మాత్రం కనిపించదు, మూడడుగుల్లోకి వచ్చాక గోధుమ రంగు చెయ్యి బయటపడుతుంది. గ్రాఫిక్స్ చిప్‌తో గీసే ఇంజిన్‌లో లైట్ మోడ్ సరిగ్గా పెట్టకపోతే ఆ సందంతా ఒకే బూడిద రంగులో చివరిదాకా కనిపిస్తుంది. భయం పోయింది, లెవెల్ పోయింది. జీజెడ్‌డూమ్ వాడితే టెక్స్‌చర్ ఫిల్టర్ తీసేయండి, సెక్టార్ లైట్ మోడ్‌ను సాఫ్ట్‌వేర్ లేదా వెనిలాకు మార్చండి, దూకడం ఆపేయండి. అప్పుడది కూడా చక్కగా ఉంటుంది.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. జీజెడ్‌డూమ్‌కు గ్రాఫిక్స్ చిప్‌లో కనీసం ఓపెన్‌జీఎల్ (చిప్‌తో బొమ్మలు గీయించే పద్ధతి) 3.3 వెర్షన్ కావాలి. రెండో తరం ఇంటెల్ ఐ3, ఐ5ల్లోని హెచ్‌డీ 2000, 3000 చిప్పులు విండోస్‌లో 3.1 దగ్గరే ఆగిపోయాయి. ఆఫీసుల్లోంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు మన ఊళ్లో ఇప్పటికీ బోలెడు. ఒకబ్బాయి అలాంటి దాని కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి గ్రాఫిక్స్ కార్డు కొనడానికి సిద్ధమయ్యాడు. ఆపి, క్రిస్పీ డూమ్ పెట్టిచ్చాను. దానికి ప్రాసెసరే చాలు, అతని డబ్బు మిగిలింది. మీ ఎనిమిదో తరం చిప్‌కు ఈ ఇబ్బంది లేదు.

క్వేక్. స్టీమ్‌లో కొన్నారు కాబట్టి మీకు రెండు దారులు. 2021లో వచ్చిన కొత్త వెర్షన్ అందులోనే ఉంది, నొక్కితే మొదలవుతుంది, బాగుంది కూడా. మ్యాపులు, మాడ్లు ఎక్కువ ఆడాలనుకుంటే ఐరన్‌వెయిల్ దించుకోండి. స్టీమ్‌లో ఉన్న క్వేక్‌ను అదే వెతుక్కుంటుంది. అది నడవని పాత మెషీన్లకు క్వేక్‌స్పాజమ్ ఉంది. రెండు హెచ్చరికలు మాత్రం. క్వేక్‌లో కదలిక లెక్కలు ఫ్రేముల వేగానికి ముడిపడి ఉన్నాయి. పాత ఇంజిన్లలో సెకనుకు 72 దాటిస్తే లిఫ్టులు, తలుపుల దగ్గర వింత ప్రవర్తన మొదలవుతుంది. ఐరన్‌వెయిల్ లాంటివి గీయడాన్ని, లెక్కను విడదీశాయి కాబట్టి ఆ భయం లేదు. రెండోది సంగీతం. పాత క్వేక్ సిడిలో మొదటి ట్రాక్ డేటా, 2 నుంచి 11 దాకా ట్రెంట్ రెజ్నర్, ఆయన రాక్ బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ సంగీతం, మామూలు ఆడియో సిడిలాగే. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే ఆట మూగగా నడుస్తుంది. చాలామంది క్వేక్‌లో పాటలే లేవనుకుని పెరిగారు. సిడి ఉన్నవాళ్లు ఆ పది ట్రాకులనూ ఓజీజీ ఆడియో ఫైళ్లుగా మార్చి, ఐడీ1 ఫోల్డర్‌లో మ్యూజిక్ అనే ఫోల్డర్ పెట్టి, ట్రాక్02 నుంచి ట్రాక్11 దాకా పేర్లిచ్చి వేస్తే చాలు. ఆ మోత లేకుండా క్వేక్ సగం ఆటే.

డ్యూక్. జీఆర్‌పీ ఫైల్‌ను ఈడ్యూక్32 ఫోల్డర్‌లో వేయండి, మొదలవుతుంది. గీసే పద్ధతుల్లో క్లాసిక్ అంటే అప్పటిలాగే, పాలీమోస్ట్ అంటే గ్రాఫిక్స్ చిప్ మీద. క్లాసిక్‌లో పైకి చూస్తే గోడలు పక్కకు వంగినట్టు కనిపిస్తాయి, అది తప్పు కాదు, ఆ ఇంజిన్ తీరే అంత. అది ఇబ్బందైతే పాలీమోస్ట్ పెట్టుకోండి. పాలీమర్ అని మూడోది ఉంది, మీ చిప్ మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది, వద్దు.

బ్లడ్ అనే ఇంకో పాత ఆట గురించి కూడా కొందరు అడుగుతుంటారు. దాని సోర్స్ కోడ్‌ను అధికారికంగా బయటికి ఇవ్వలేదు. ఆట నడిచే తీరును విప్పి చూసి మళ్లీ రాసిన ఎన్‌బ్లడ్ ఉంది, బాగా నడుస్తుంది.

ఎండాకాలం జాగ్రత్త. ఇది మన ఊరి సమస్య. ఫ్రేముల పరిమితి పూర్తిగా తీసేస్తే ఇంత తేలిక ఆటకు లాప్‌టాప్ సెకనుకు కొన్ని వందల ఫ్రేములు గీస్తూ కూర్చుంటుంది. తెర చూపించేది అరవై. మిగతాదంతా వేడి. మే నెలలో గదే నలభై డిగ్రీల దగ్గర ఉడికిపోతుంటే ఫ్యాన్ అరుస్తుంది, ప్రాసెసర్ తనను తాను నెమ్మది చేసుకుంటుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది. ‘డూమ్‌కే నా లాప్‌టాప్ చాలట్లేదు’ అని ఒకామె తెచ్చింది ఇలాగే. వీసింక్, అంటే తెర వేగానికి మించి ఫ్రేములు గీయకుండా ఆపే సెట్టింగు, ఆన్ చేసి, ఫ్యాన్ రంధ్రాల్లో దుమ్ము ఊది ఇచ్చాను. మీరూ ప్రతి ఇంజిన్‌లో వీసింక్ ఆన్ చేసుకోండి. మంచం మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు.

ఎక్కడ దించుకోవాలి? ఆ ఇంజిన్ సొంత పేజీ నుంచి, లేదా గిట్‌హబ్‌లో, అంటే కోడ్ ఉంచే సైట్‌లో, దాని పేజీ నుంచి మాత్రమే. ఇంజిన్, ఆట, సంగీతం అన్నీ కలిపిన ఒకే సెటప్ అని ఎవరైనా ఇస్తే ముట్టుకోకండి. అలాంటిది పెట్టుకున్న ఒక కస్టమర్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు పోగొట్టుకున్నాడు. అసలైన పేజీ నుంచి దించినా విండోస్ మొదటిసారి నీలం పెట్టె చూపించి ఆపవచ్చు. చిన్న బృందాలు డబ్బు కట్టి సంతకం చేయించుకోకపోవడం వల్ల వచ్చే హెచ్చరిక అది. దించిన చోటు సరైనదేనని మరోసారి చూసుకుని ముందుకు వెళ్లండి. ఆట ఫైల్ మాత్రం కొనుక్కున్నదే వాడండి. కోడ్ ఉచితంగా ఇచ్చారు, బొమ్మలు, మ్యాపులు ఇవ్వలేదు.

మీ అన్నతో ఆడటం. పాత పద్ధతిలో ఐపీ అడ్రసులు, పోర్టులు తెరవడం, ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండటం, ఇదంతా ఫోన్‌లో చెప్పుకుంటూ చేస్తే ఆదివారం అంతా పోతుంది. 2024 ఆగస్టులో డూమ్, డూమ్ 2 కలిపి కొత్త ఇంజిన్ మీద అధికారికంగా మళ్లీ విడుదల చేశారు. అందులో ఆన్‌లైన్‌లో కలిసి ఆడే సౌకర్యం ఉంది, పదహారు మంది దాకా. స్టీమ్ ప్యాక్ అంటే అదే. ఇద్దరూ అది పెట్టుకుని కోఆప్, అంటే ఒకే జట్టుగా ఆడే పద్ధతి, తెరిస్తే సరి. ఆ ఫోల్డర్‌లో వాడ్ ఫైళ్లు కూడా ఉంటాయి. స్టీమ్ లైబ్రరీలో ఆట మీద కుడి క్లిక్ చేసి లోకల్ ఫైల్స్ చూడండి. డూమ్2 డాట్ వాడ్ ఒకటికన్నా ఎక్కువ చోట్ల కనిపిస్తే 14 ఎంబీ దగ్గర ఉన్నదాన్ని క్రిస్పీకి ఇవ్వండి. అంటే మీ సిడి చదవకపోయినా ఒక్క కొనుగోలుతో రెండు పనులూ అవుతాయి.

డూమ్ 2 ముప్పై లెవెళ్లూ అయిపోయాక కొత్త మ్యాపుల వైపు రండి. డూమ్ తయారుచేసినవాళ్లలో ఒకడైన జాన్ రొమేరో 2019లో ఇచ్చిన సిజిల్ ఉంది, కానీ అది మొదటి డూమ్ వాడ్ మీద నడుస్తుంది, పైగా చాలా కష్టం. చాలా ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు దానితో మొదలుపెట్టొద్దు. క్వేక్‌కి అయితే ఆర్కేన్ డైమెన్షన్స్ అనే మ్యాపుల మూటను కళ్లు మూసుకుని పెట్టుకోండి. వాడ్ ఫైల్‌ను మౌస్‌తో లాగి క్రిస్పీ డూమ్ గుర్తు మీద వదిలితే అది తెరుచుకుంటుంది, కమాండ్లు రాయక్కర్లేదు. ఏదైనా మ్యాపు తెరుచుకోకపోతే దానితో వచ్చిన టెక్స్ట్ ఫైల్ చదవండి. బూమ్ కావాలి, ఎంబీఎఫ్21 కావాలి (మ్యాపులు కట్టే కొత్త ప్రమాణాలు ఇవి) అని రాసి ఉంటే అది క్రిస్పీ పని కాదు, వూఫ్ గానీ డీఎస్‌డీఏ డూమ్ గానీ వాడండి.

సేవ్ ఫైళ్లు ఒక ఇంజిన్‌వి ఇంకోదానికి పనికిరావు. ఒక్కోసారి అదే ఇంజిన్ కొత్త వెర్షన్‌కు కూడా పనికిరావు. ఆట మధ్యలో ఉండగా ఇంజిన్‌ను అప్‌డేట్ చేయకండి, పాత ఫోల్డర్‌ను అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన వేరే ఫోల్డర్‌లో విప్పుకోండి. అన్నీ కుదిరాక మొత్తం ఫోల్డర్‌ను, వాడ్‌తో సహా, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి. ఆ సిడి ఇంకెన్నాళ్లు చదువుతుందో చెప్పలేం.

ఎక్కడైనా ఆగిపోతే తెర మీద వచ్చిన మెసేజ్‌ను ఉన్నదున్నట్టు కింద రాయండి, వాడ్ సైజు కూడా రాయండి. సాయంత్రం అంగడి కట్టాక చూసి చెబుతాను.